రొయ్యల చెరువు గట్టున వేగ పరీక్ష

గోదావరి జిల్లాలకు వెళ్లొచ్చానని చెప్పగానే మా ఆఫీసులో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "ఏం తిన్నావ్?" తిన్నాను. మొహమాటం లేకుండా తిన్నాను. ఆ సంగతులన్నీ చెబుతాను. కానీ అక్కడ ఒక చెరువు గట్టు మీద నేను చేసిన పనికీ, ఆ తరవాత నోరు విప్పకుండా నిలబడ్డందుకూ ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను. అటువైపు వెళ్లనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. వెళ్తే మాత్రం నాలాగా వెళ్లకండి.

మాది కర్నూలు, ఉద్యోగం హైదరాబాదులో. మా చిన్న కంపెనీ రొయ్యల చెరువుల దగ్గర పెట్టే ఒక పెట్టెను తయారుచేస్తుంది. చెరువులో వేలాడే మీటరు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి పెట్టెకు చెబుతుంది. పెట్టె ఆ అంకెను ముందు రాసుకుంటుంది, తరవాత చూసుకుంటుంది, తక్కువగా ఉంటే హారన్ మోగిస్తుంది. ఆ రాసుకునే డేటాబేస్ నా చేతిలోని పని. అది ఎంత వేగంగా రాస్తుందో కొలవడం, అంటే బెంచ్‌మార్కింగ్, నాకు ఉద్యోగం కంటే ఎక్కువ. అదొక పిచ్చి.

కొన్ని పెట్టెలు ఒక పంటకాలం గడిచాక మందగిస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఆఫీసులో కొత్త పెట్టె తీసి పరీక్షించి, "అంతా బాగానే ఉంది" అన్నారు. కొత్తదాని మీద కొలిస్తే అది కొలతే కాదని మేనేజరుతో పోట్లాడాను. ఏళ్ల తరబడి ఇదే మాట మీద అందరితోనూ పోట్లాడుతున్నాను, చుట్టుపక్కల నాకంటే నిజాయితీగా కొలిచేవాళ్లు లేరని నా నమ్మకం. చివరికి ఆయన విసుగెత్తి, "నువ్వే వెళ్లి చెరువు దగ్గర కొలుచుకో" అన్నారు. అలా బయల్దేరాను.

రాజమండ్రిలో కేబుల్

రైలు దిగి సంచీ తడుముకుంటే పరీక్షకు కావలసిన కేబుల్ లేదు. హైదరాబాదులో నా బల్ల మీదే ఉండిపోయింది. నిజాయితీ గురించి అంత ఉపన్యాసం దంచిన మనిషిని కేబుల్ మర్చిపోయి వచ్చాను. నన్ను నేను తిట్టుకుంటూ టిఫిన్ సెంటరులో కూలబడ్డాను.

పెసరట్టు వచ్చింది. మా కర్నూలు అలవాటు కొద్దీ కారప్పొడి అడిగాను. వడ్డించే ఆయన, "ముందు ఈ అల్లప్పచ్చడితో తిని చూడండి. చాలకపోతే అప్పుడు వేస్తానండి" అన్నాడు. పచ్చడిలో బెల్లం తగులుతోంది. మా ఇంట్లో పచ్చడిలో బెల్లం వేస్తే మా నాన్న కంచం పక్కకి జరుపుతాడు. నేను మాత్రం ఇంకో పెసరట్టు చెప్పాను. కారప్పొడి సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇక్కడి "అండి"కి అలవాటుపడటానికి కాస్త సమయం పట్టింది. టీ కావాలాండి, చిల్లర లేదండి, ఆటో అటు వెళ్లదండి. మావైపు కోపం వస్తే మాట ముక్కుసూటిగా తగులుతుంది. ఇక్కడ ఇద్దరు ఆటోవాళ్లు తగువులాడుకోవడం చూశాను, అందులోనూ అండీలే. ఎవరికి నిజంగా కోపం వచ్చిందో చివరిదాకా తెలియలేదు.

కంప్యూటర్ల కొట్టులో నాకు కావలసిన రకం కేబుల్ దొరకలేదు. కొట్టు యజమాని కాసేపు తల గోక్కుని, తన సొంత కంప్యూటరుకు ఉన్నది ఊడదీసి యాభై రూపాయలకే ఇచ్చాడు. "మరి మీకో?" అంటే, "సాయంత్రం సరుకు వస్తుందిలెండి, అందాకా పేపరు చదువుకుంటాను" అన్నాడు.

పెనుగొండలో బంతి భోజనం

దారిలో పెనుగొండలో దిగాను. బస్సులో నా పక్కన కూర్చున్న విశాలాక్షి గారు వాసవీ కన్యకా పరమేశ్వరి గుడికి వెళ్తూ, "ఇంతదూరం వచ్చి అమ్మవారిని చూడకుండా పోతారా?" అని నన్నూ దించేశారు. ఆవిడ బళ్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారట. ఏం చెప్పినా వదలకుండా అడిగే రకం.

"ఆ సంచీలో ఏముందమ్మా?" అని అడగనే అడిగారు. చెప్పుల స్టాండు దగ్గర నిలబడి ఉన్నాం కాబట్టి దాన్నే చూపించాను. ఇక్కడ టోకెన్ ఇస్తే చెప్పులు ఇస్తారు. చెప్పులు ఎవరివి, ఏ ఊరివి అని అడగరు. మా డేటాబేస్ కూడా అంతే. కీ-వాల్యూ డేటాబేస్ అంటారు. గుర్తు చెబితే దానికి చెందిన విలువను తీసిస్తుంది, వేరే ఏ గొడవా పెట్టుకోదు.

దర్శనం అయ్యాక దగ్గర్లోని ఒక సత్రంలో భోజనానికి కూర్చున్నాం. కూర్చున్నాం అంటే, కూర్చోవడానికి చాలాసేపు నిలబడ్డాం. హాలు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చినవాళ్లు వచ్చినట్టే కూర్చున్నారు. హాలు నిండాక మాత్రం, ఒక మనిషి లేచినా ఆ చోటు మనకివ్వరు. బంతి మొత్తం లేవాలి, విస్తళ్లన్నీ తియ్యాలి, నేలంతా తుడవాలి, అప్పుడే తరవాతి బంతి.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా పెట్టెలో ఉండే ఫ్లాష్ చిప్పు సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. దానిమీద ఒక అంకె చెరిపి ఇంకో అంకె రాయడం కుదరదు. ఒక వరస మొత్తం ఖాళీ చేస్తేనే మళ్లీ రాయగలం. కొత్తగా ఉన్నప్పుడు హాలంతా ఖాళీయే కనక పరుగులు తీస్తుంది. నిండిపోయాక ప్రతి రాతకూ బంతి ఖాళీ కావాలి. ఆఫీసులో వాళ్లు ఖాళీ హాలులో కొలిచి సంబరపడ్డారని, నేను నిండిన హాలులో కొలవడానికి వెళ్తున్నానని విశాలాక్షి గారికి ఉత్సాహంగా చెప్పాను.

"ఎలా కొలుస్తారు?"

"ఉత్తుత్తి అంకెలు లక్షలకొద్దీ తోసేస్తామండి. అది ఎక్కడ మందగిస్తుందో చూస్తాం."

ఆవిడ పప్పు కలుపుకుంటూ ఆలోచించారు. "మరి మీ ఉత్తుత్తి అతిథులు హాలంతా కూర్చుంటే, నిజంగా ఆకలేసి వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారమ్మా?"

"కాసేపే కదండీ" అని నవ్వేశాను. ఆవిడ కూడా నవ్వారు. వడ్డించేవాళ్లు పులిహోర తెచ్చారు, మాట అంతటితో మారిపోయింది.

సుబ్బరాజు గారి ఇల్లు

నరసాపురానికి దగ్గర్లో ఒక ఊరు. పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. సుబ్బరాజు గారు మా పెట్టెను అందరికంటే ముందు కొన్న రైతుల్లో ఒకరు. యాభై దాటిన మనిషి, తెల్లచొక్కా, మాట మెత్తన. హోటల్లో దిగుతానంటే ఒప్పుకోలేదు. "మా పని మీద వచ్చి హోటల్లో తింటారేంటండి?" అన్నారు.

ఆయన భార్య సత్యవతి గారు ఆ రాత్రి వడ్డించినవి చెబుతాను: రొయ్యల ఇగురు, గోంగూరతో ఇంకోరకం రొయ్యలు, వంకాయ కూర, పప్పుచారు, వడియాలు, గడ్డపెరుగు. మా ఇంట్లో జొన్నరొట్టె, ఒక కూర, ఉల్లిపాయ ఉంటే భోజనం అయిపోయినట్టే. ఇక్కడ ఒక కూరతో కడుపు నిండాక మిగతావి మొదలవుతాయి. చాలండీ అంటే ఇంకో గరిటె పడుతుంది. వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి పక్కన పడుతుంది. నిజంగా చాలని వాళ్లకు ఎలా చెప్పాలో నాకు ఉన్నన్నాళ్లూ తెలియలేదు.

భోజనాలయ్యాక చెరువు కాపలా మనిషి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. పేరు ఏసుబాబు. నా వయసే ఉంటుంది. నరసాపురం రేవు దాటితే వాళ్ల ఊరు. భార్య అక్కడే ఉంటుంది, అతను చెరువు గట్టు మీద పాకలో ఉంటాడు.

"ఒరేయ్ ఏసుబాబూ, రేపు నేను మేత కోసం భీమవరం వెళ్తున్నాను. మేడం గారు ఏం చెబితే అది చెయ్యి" అన్నారు సుబ్బరాజు గారు.

"ఆయ్, అలాగేనండి."

రోజంతా నాకు అండీలు వినిపించాయి కదా, ఈ "ఒరేయ్" చెవికి కొట్టింది. అయినా నేనూ ఏమీ తక్కువ తినలేదు. మర్నాడు పొద్దున నేనూ అతన్ని "ఏసుబాబూ" అనే పిలిచాను, అతను "చెప్పండి మేడం" అన్నాడు.

చెరువు గట్టు

పొద్దున ఎండ బాగానే ఉంది. ఎండ ఉంటే చెరువు తన ఆక్సిజన్ తనే చేసుకుంటుంది కనక, నీళ్లను చిలికే చక్రాలు, ఏరేటర్లు, పగలు ఆపేస్తారు. రేకుల షెడ్డులో మా పెట్టె ముందు కూర్చుని కేబుల్ తగిలించాను. ఒక పంటకాలం పనిచేసిన ఫ్లాష్ చిప్పు. దాదాపు నిండిపోయి ఉంది. నాకు కావలసింది అదే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. డేటాను ఇంకో పెట్టెలోకి కాపీ చేసి పరీక్షించవచ్చు. కానీ చిప్పు అరుగుదల కాపీ కాదు. అసలు చిప్పు మీదే కొలవాలి, అదే నిజాయితీ అనుకున్నాను. పెట్టె పనిలో ఉండగానే పరీక్ష మొదలుపెట్టాను. మీటరు పంపే అంకెలు నా ఉత్తుత్తి అంకెల వెనక వరసలో నిలబడతాయని తెలుసు. ఎండ కాస్తోంది, కాసేపే కదా అనుకున్నాను.

మొదట్లో నా లాప్‌టాప్ తెర మీద వేగం చూపించే గీత పైనే ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపయిందో తెలియదు, వెలుతురు తగ్గింది. గాలి కూడా ఆగిపోయింది. ఏసుబాబు గుమ్మంలోకి వచ్చాడు.

"మేడం, మబ్బు కమ్ముకుంటోందండి. ఏరేటర్లు వేసేయమంటారా?"

ఏరేటర్ల మోటార్లు వేస్తే షెడ్డులో కరెంటు ఊగుతుంది. ఊగితే నా అంకెలు పాడవుతాయి. కళ్లు తిప్పకుండానే చెప్పాను. "ఇప్పుడొద్దు ఏసుబాబూ. ఆక్సిజన్ తగ్గితే హారన్ మోగుతుందిగా. నువ్వెళ్లి అన్నం తినేసి రా."

అతను మబ్బు వైపు ఓసారి చూశాడు. "ఆయ్" అని వెళ్లిపోయాడు.

కాళ్లు పట్టేస్తే నేను కాసేపు గట్టు మీదికొచ్చాను. చెరువు మీద తెల్లకొంగలు గుంపుగా వాలుతున్నాయి. నల్లటి మబ్బు కింద అంత తెలుపు. ఎంత బాగుందో అనుకుని ఫోన్ తీసి ఫొటో తీశాను. మా అక్కకు పంపించాను కూడా. రొయ్యలు ఊపిరాడక నీటి పైకి తేలితేనే కొంగలు అలా దిగుతాయని నాకప్పుడు తెలియదు.

షెడ్డులోకి తిరిగొచ్చేసరికి గీత నిలువునా కింద పడి ఉంది. నేను ఇన్నాళ్లూ అందరితో పోట్లాడిన మాట నిజమైంది. పెట్టె దాదాపు ఆగిపోయింది. "దొరికావ్!" అని పైకే అరిచాను, చప్పట్లు కూడా కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది.

అప్పుడే బయట ఏసుబాబు కేక వినిపించింది. "రొయ్య తేలిపోతోందండీ!"

పరీక్ష ఆపేశాను. అతను పరిగెత్తుకొచ్చి మోటార్లు వేశాడు, ఆక్సిజన్ బిళ్లల బస్తా చింపి చెరువులోకి విసరసాగాడు. పరీక్ష ఆగగానే, వెనక వరసలో నిలబడ్డ అంకెలన్నీ పెట్టె గబగబా రాసుకుంది. అప్పుడు మోగింది హారన్. పక్క చెరువులవాళ్లు ఆ మోత విని వచ్చారు. మేత బస్తాలతో తిరిగొస్తున్న సుబ్బరాజు గారూ ఆ మోత వినే, బండి వదిలేసి గట్టెక్కారు.

చాలా భాగం దక్కింది. ఒక మూల మాత్రం చచ్చిన రొయ్యలు తెట్టెలా తేలాయి. మిగిలినవి కూడా నీరసించిపోయాయని, ఎదగకుండానే పట్టుబడి పట్టేయాలని, అంటే వలలు లాగి అమ్మేయాలని, అక్కడికక్కడే తేల్చారు.

సుబ్బరాజు గారి గొంతు మెత్తదనం పోయింది. "చెవులు పనిచెయ్యట్లేదేంట్రా నీకు? అది అంతలా మోగుతుంటే పడుకున్నావా?"

"ఇప్పుడే మోగిందండి."

"ఇప్పుడే మోగిందా? మేడం గారు పొద్దుట్నుంచీ దాని ముందే ఉన్నారు, ఆవిణ్నే అడుగుదాం. ఏమండీ, అది ఇప్పుడే మోగిందాండి?"

అందరూ నా వైపు తిరిగారు. ఏసుబాబు కూడా చూశాడు. నేను చెప్పాల్సింది ఒక్క అవును. నేనేమన్నానంటే, "లాగ్స్ చూసి చెబుతానండి."

లాగ్స్ అంటే పెట్టె తను చేసిన పనంతా రాసుకునే చిట్టా. మా ఆఫీసులో రోజూ వాడే మాట అది. కారణం తెలియనప్పుడు అనాల్సిన మాట. నాకు కారణం తెలుసు. అంతమంది ముందు నా తప్పు చెప్పుకోవడానికి భయపడి, చదువుకున్న మాట ఒకటి వెతుక్కుని దాని వెనక దాక్కున్నాను.

సుబ్బరాజు గారు ఇక నన్నేమీ అడగలేదు. "నిద్రపోయే కాపలా నాకెందుకురా? ఇంక గట్టెక్కకు, పో" అన్నారు. ఏసుబాబు మిగిలిన బిళ్లలు చెరువులో వేసేసి, పాకలో బట్టలు సంచీలో కుక్కుకుని, నా పక్కనుంచే వెళ్లిపోయాడు.

విస్తరి ముందు

మర్నాడు తెల్లవారగానే పట్టుబడి అయిపోయింది. ఏసుబాబు లేని గట్టు మీద నిలబడి వలలు లాగడం చూశాను. ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఇక నావల్ల కాలేదు.

"రాజుగారూ, నిన్న హారన్ మోగకపోవడానికి కారణం ఏసుబాబు కాదండి. నేను" అన్నాను.

ఆయన చెయ్యి పైకెత్తి ఆపారు. "ముందు తినండి."

"కాదండీ, చెప్పాలి..."

సత్యవతి గారు నా విస్తట్లో కూర వేస్తూ అన్నారు. "మా ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న మనిషిని ఏమీ అనరమ్మా. మీరు చెబితే ఆయన అనాల్సొస్తుంది. తినేశాక చెప్పండి."

మా కర్నూలులో తగాదాలన్నీ అన్నం దగ్గరే మొదలై అక్కడే తీరిపోతాయి. ఇక్కడ నేను ఇగురు తినాలి, పప్పుచారు పోసుకోవాలి, పెరుగన్నంతో ముగించాలి. ఆయన తల వంచుకుని తింటున్నారు. సత్యవతి గారు ఎప్పటిలాగే రెండోసారి నెయ్యి వేశారు. అంతకంటే నన్ను తిట్టి పంపినా బాగుండేదనిపించింది.

చేతులు కడుక్కుని అరుగు మీదికి వచ్చాక అంతా చెప్పాను. సత్రంలో బంతి సంగతి కూడా చెప్పి, పెట్టెలో ఏం జరిగిందో వివరించాను.

"అంటే మీ ఉత్తుత్తి అతిథులకి వడ్డిస్తూ, నా రొయ్యల్ని గుమ్మంలో నిలబెట్టేసిందన్నమాట."

"అవునండి."

"ఏరేటర్లు వేస్తానని వాడు అడిగాడా మిమ్మల్ని?"

"అడిగాడండి. నేనే వద్దన్నాను."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వీధిలోకి చూశారు. "నిన్న నేను అడిగాను కదండీ మిమ్మల్ని" అన్నారు. "రొయ్య పోతే ఇంకో పంట వేసుకుంటామండి. నేను వాణ్ని పదిమందిలో పొమ్మన్నాను."

తువ్వాలు భుజాన వేసుకుని, "వెళ్లి వాణ్ని రమ్మన్నానని చెప్పండి" అన్నారు. మీరూ రండి అని నేను అనలేదు. ఆయన వెళ్లరని ఇద్దరికీ తెలుసు.

పంటు మీద

నరసాపురం రేవులో మనుషులూ మోటారు సైకిళ్లూ కార్లూ అన్నీ ఒకేసారి ఎక్కే పెద్ద పడవను పంటు అంటారు. వేరే రోజైతే దాని గురించే రెండు పేజీలు రాసేదాన్ని. వేరుశనక్కాయలు అమ్మే అతను బండ్ల మధ్య నుంచి ఒక్క గింజ పడకుండా తిరుగుతున్నాడు. గోదావరి ఇక్కడ సముద్రానికి దగ్గరపడి, ఒడ్డుకీ ఒడ్డుకీ మధ్య మాట వినపడనంత వెడల్పుగా ఉంది.

నా పక్కన ఒకావిడ లేసు అల్లికల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అల్లినవి కొట్టులో ఇచ్చి, కొత్త దారం తెచ్చుకుంటోందట. "ఎవరింటికండి?" అని అడిగింది.

"ఏసుబాబు గారింటికండి." ఆ గారు నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

"ఏ ఏసుబాబండి? రొయ్యల చెరువు దగ్గర నిద్రపోయాడంట, ఆయనేనా?"

నాకంటే ముందే ఆ మాట నది దాటేసింది. "నిద్రపోలేదండి" అన్నాను. ఆవిడ మర్యాదగా తలూపి ఊరుకుంది. నమ్మినట్టు లేదు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. చర్చి వెనక పెంకుటిల్లు. ఏసుబాబు భార్య రత్నకుమారి గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతోంది. లోపల్నుంచి కుర్చీ తెచ్చి నాకు వేసి, మళ్లీ అల్లిక చేతిలోకి తీసుకుంది. ఏసుబాబు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. తప్పు నాదని, రాజుగారికి చెప్పేశానని, ఆయన రమ్మన్నారని చెప్పాను. చెబుతుంటే ఆవిడ చేతిలో సూది ఆగింది.

"మేడం వద్దన్నారని ఆయనతో అప్పుడే ఎందుకు చెప్పలేదు మీరు?" అని అతన్ని అడిగాను. అడిగాక గానీ ఆ ప్రశ్న ఎంత సిగ్గులేనిదో నాకు తోచలేదు.

"చెబితే ఎవరి మాట నిలుస్తుందండి?" అన్నాడు ఏసుబాబు. కోపంగా కాదు, మామూలుగానే. "ఆయన మిమ్మల్నే అడిగారు. మీరు చూసి చెబుతానన్నారు. మధ్యలో నేనేం చెబుతానండి?"

రత్నకుమారి అందుకుంది. "నిన్న సాయంత్రం ఒక చెరువుకి, ఇవాళ పొద్దున ఇంకో చెరువుకి వెళ్లి పని అడిగారండి. నిద్రపోయే మనిషి మాకొద్దన్నారు. ఇప్పుడు రాజుగారు రమ్మన్నారని ఈయన వెళ్లిపోతే, జాలిపడి పెట్టుకున్నారంటారు గానీ, నిద్రపోలేదని ఎవరంటారండి?"

"నేనేం చెయ్యాలో చెప్పండి" అన్నాను.

"నాకైతే ఏమీ చెప్పక్కర్లేదండి. నేను నిద్రపోలేదని నాకు తెలుసు కదా" అన్నాడు ఏసుబాబు. "ఐసు ఫ్యాక్టరీ పక్కన టీ కొట్టు ఉందండి. సాయంత్రం చెరువులోళ్లందరూ అక్కడే ఉంటారు. అక్కడికొచ్చి చెప్పండి."

అతను చొక్కా మార్చుకుని వచ్చాడు. తిరుగు పంటు మీద ఇద్దరం చెరో పక్క నిలబడ్డాం.

టీ కొట్టు

మేం వెళ్లేసరికి బల్లల నిండా మనుషులు. సుబ్బరాజు గారు కూడా ఒక బల్ల చివర కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఎవరో లేచి ప్లాస్టిక్ కుర్చీ జరిపారు. "కూర్చోండి మేడం. టీ తాగుతారా?" నేను కూర్చోలేదు.

ఎలా మొదలుపెట్టాలో తెలియక, తెలిసిన చోట మొదలుపెట్టాను. పెట్టెలో ఫ్లాష్ చిప్పు ఉంటుందని, అది నిండితే ఎందుకు మందగిస్తుందో చెప్పడం మొదలుపెట్టాను. వాళ్లు మర్యాదగా విన్నారు. ఇంకాస్త వివరించాను. ఇంకాస్త మర్యాదగా విన్నారు. మాట్లాడుతూ ఉంటేనే నాకు అర్థమైంది, నేను మళ్లీ దాక్కుంటున్నానని.

ఒక పెద్దాయన, జేబులో కళ్లజోడు, భుజం మీద తువ్వాలు, మెల్లగా అడ్డం వచ్చారు. "అదంతా మాకెందుకండి? వాడు నిద్రపోయాడా, లేదా?"

"లేదండి. మబ్బు పడుతోంది, ఏరేటర్లు వేస్తానని ఈయన వచ్చి అడిగారు. నేను వద్దన్నాను. హారన్ మోగకపోవడానికి కూడా నా పరీక్షే కారణం. నిన్న రాజుగారు అడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసి చెప్పలేదు."

పాలు పొంగుతున్న చప్పుడు వినిపించింది. బల్ల మీద ఒకాయన, "పోనీలెండి మేడం, తెలీక జరిగిపోయింది" అన్నాడు.

"తెలీక కాదండి" అన్నాను.

టీ కొట్టతను నా చేతికి గ్లాసు ఇచ్చాడు. ఒక్కరైనా గట్టిగా అరిస్తే బాగుండునని చూశాను. అరవలేదు. నేను వాళ్ల ఊరికి వచ్చిన మనిషిని. నిన్న అదే గట్టు మీద ఏసుబాబుకు ఈ మర్యాదలో చిటికెడు దొరకలేదు. ఆ గ్లాసు పట్టుకుని నిలబడటం కష్టమైంది.

పెద్దాయన ఏసుబాబు వైపు తిరిగారు. "రేపట్నుంచి మా చెరువుకి వస్తావేంట్రా?"

సుబ్బరాజు గారు తలెత్తి చూశారు. ఏసుబాబు ఆయన వైపు చూడలేదు.

"మీ చెరువు దగ్గర ఆ పెట్టె ఉందాండి?" అని పెద్దాయన్ని అడిగాడు.

"లేదు. పెట్టిద్దామనుకుంటున్నాను."

"పెట్టించనంటే వస్తానండి."

పెద్దాయన నా వైపు చూశారు. ఆ పెట్టె మంచిదేనని, తప్పు పెట్టెది కాదని, పరీక్ష లేని రోజు అది కచ్చితంగా మోగుతుందని చెప్పడానికి నా దగ్గర గ్రాఫులు బోలెడున్నాయి. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా నోరు రాలేదు.

"సర్లే, పెట్టించను. పొద్దున్నే వచ్చేయ్" అన్నారాయన. "ఆయ్" అన్నాడు ఏసుబాబు.